మల్ల చూస్త

తార్నాక,
10 జూన్ 2024

షారోన్‌కు,

ఎట్లున్నావు? ఇరవైమూడేళ్ల తర్వాత ఈ మాట అడగడానికి సిగ్గుగానే ఉంది, అయినా అడుగుతున్నాను. నీ ఫోన్ నంబరు మీ స్కూలు ఆఫీసులో ఇచ్చారు. రెండుసార్లు డయల్ చేసి కట్ చేశాను. నువ్వు "హలో" అంటే నేను "రాంగ్ నంబర్" అని పెట్టేసే రకం, నీకు తెలియనిది కాదు. పైగా మన కంపెనీ లెటర్‌హెడ్లు బీరువాలో అరకట్ట మిగిలాయి. తూకానికి వేయడానికి మనసొప్పలేదు.

తూకానికి ఎందుకంటావా? తొలిపలుకు సిస్టమ్స్ మూసేస్తున్నాను. నువ్వు పెట్టిన పేరు, నా చేతుల మీదుగానే దించాల్సి వచ్చింది. చంద్రయ్య గారి మేడ మీది మన ఆఫీసు రెండు గదులు ఆగస్టు చివరికల్లా ఖాళీ చేయాలి. ఆయన మనవడు ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నాడు. చిప్పులు చెరిపే నీలం లైటు డబ్బా, దాని మీద నువ్వు అతికించిన "చూడకు, కండ్లు పోతయ్" కాగితం అట్లాగే ఉన్నాయి.

అసలు సంగతికి వస్తాను. యూనివర్సిటీ క్యాంపస్‌లో మన డిపార్ట్‌మెంట్ వాళ్లు పాత ల్యాబ్ ముందు ఒక గాజు అల్మారా పెడుతున్నారు. అక్కడ చదివినవాళ్లు పెట్టిన కంపెనీల గురించి. మన మొదటి బోర్డు, రిజిస్టర్లు, ఒక పేజీ చరిత్ర కావాలట. అడగడానికి వచ్చిన రీసెర్చ్ స్కాలర్ ఎవరో తెలుసా? పూర్ణిమ. మన దయాకర్ బిడ్డ. వాడు కరోనా రెండో ఏడు పోయాడు, ఆ సంగతి నీదాకా వచ్చే ఉంటుంది. గుమ్మంలో ఆ పిల్లను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అవే కనుబొమ్మలు, మాట్లాడేముందు గొంతు సవరించుకునే అదే అలవాటు.

పేజీ మొదలుపెట్టాను. 1993లో ముగ్గురం కలిసి పెట్టాం. స్విచ్ వేయగానే కంప్యూటర్ నిద్రలేచి తన జ్ఞాపకం, కీబోర్డు, గడియారం సరిగ్గా ఉన్నాయా అని తడుముకునే చిన్న ప్రోగ్రాం ఉంటుందే, అదే మన సరుకు. దయాకర్ రాసేవాడు, నేను తప్పులు చూసేవాణ్ణి, నువ్వు దాన్ని చిప్పుల్లోకి ఎక్కించేదానివి, మన మాటల్లో కాల్చేదానివి. ఇంతవరకు చకచకా వచ్చింది. 29 ఫిబ్రవరి 2000 దగ్గర పెన్ను ఆగింది. ఆ పొద్దున మన చిప్పులు కొన్న పుణె కంపెనీ వాళ్ల బిల్లింగ్ మిషన్లు ఒక్కటీ లేవలేదు. పద్దెనిమిది వందల చిప్పులు గోనెసంచుల్లో వాపసు వచ్చాయి. దయాకర్‌ను మనం పంపించేశాం. వాడి బిడ్డ చదివే కాగితం మీద ఇది ఎట్లా రాయాలి?

ఇంకో మాట. 1999 రిజిస్టర్లో అరవై ఒకటో పేజీ లేదు. పూర్ణిమే చూసి అడిగింది. నీకేమైనా గుర్తుందా?

భూపాల్

* * *

పాలకొల్లు,
27 జూన్ 2024

భూపాల్ గారికి,

వందనాలు. దేవుని దయవల్ల బాగానే ఉన్నాను. మా నాన్నగారు, మా ఆయన సుందరరావు గారు ఇద్దరూ లేరు. నిరుడు స్కూలు నుంచి రిటైరయ్యాను. ఇంట్లో నేను, కుండీల్లో నాలుగు కనకాంబరం మొక్కలు.

మీ చరిత్రలో మొదటి లైనులోనే తప్పుంది. కంపెనీ పెట్టింది 1994 జనవరిలో. 93లో బోర్డు మాత్రం రాయించాం, ఆ పెయింటరు "తొలిపలుకు"ని "తోలిపలుకు" చేసి పెడితే మీరు మూడు రోజులు అన్నం మానేశారు. నీలం డబ్బా మీద నేను రాసింది "చూడరాదు" అని. దాన్ని కొట్టేసి "చూడకు, కండ్లు పోతయ్" అని రాసింది దయాకర్. "చూడరాదు అంటె మా దిక్కు చూడొచ్చు గదా అని అర్థం తల్లీ, గుడ్డోళ్లయితరు అందరు" అన్నాడు. ఎంత నవ్వుకున్నామో ఆ రోజు!

దయాకర్ ఏటా క్రిస్మస్‌కి నాకు ఫోన్ చేసేవాడు. ఈ సంగతి మీకు తెలియదనుకుంటాను. కంపెనీ మాట ఎత్తేవాడు కాదు. పండగ శుభాకాంక్షలు చెప్పి, పిల్ల చదువు చెప్పి, పెట్టేసేముందు ప్రతిసారీ ఒకే ప్రశ్న: "భూపాల్ ఏమన్న ఫోన్ జేసిండా?" లేదనేదాన్ని. "మంచిది" అనేవాడు. ఒక ఏడు క్రిస్మస్‌కి ఫోను రాలేదు. అప్పుడు తెలుసుకున్నాను.

రిజిస్టరు పేజీ సంగతి ఇప్పుడెవరికి గుర్తు? పాతికేళ్ళ మాట. ఎలుకలు కొట్టేసి ఉంటాయి.

దయాకర్ గురించి రాసే ఆ ఒక్క వాక్యం నాకు చూపించకుండా పూర్ణిమకు ఇవ్వకండి.

షారోన్

* * *

తార్నాక,
15 జూలై 2024

షారోన్‌కు,

ఎలుకలు స్కేలు పెట్టి చింపవు.

నువ్వడిగిన వాక్యం రాశాను, చూడు: "ప్రోగ్రాం రాసిన దయాకర్ పొరపాటు వల్ల సంస్థ తీవ్రంగా దెబ్బతిన్నది." అబద్ధం లేదు. సంవత్సరం నాలుగుతో నిశ్శేషంగా పోతే లీపు, వందతో పోతే కాదు, నాలుగు వందలతో పోతే తిరిగి లీపే. ఆ మూడో మెట్టు వాడు రాయలేదు. 2000 ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది ఉన్నదని మన చిప్పుకు తెలియలేదు, "తేదీ తప్పు" అని మొండికేసి కూర్చుంది. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న జనవరి ఒకటి గండం దాటిందని సీతాఫల్‌మండి నుంచి జిలేబీ తెప్పించుకుని తిన్నవాళ్లం. రెండు నెలలకే మన పని అయిపోయింది.

ఆ వాక్యం పూర్ణిమకు ఇవ్వలేదు. కానీ ఆ పిల్ల నిన్న వచ్చి తనే అడిగింది. "అంకుల్, మీ రిజిస్టర్ల ప్రతి పేజీకి మూడు గడులున్నయి. రాసినవారు, చూసినవారు, కాల్చినవారు. మా నాన్న ఒక్కడే రాసి, ఒక్కడే చూసి, ఒక్కడే కాల్చిండా?" అన్నది. నేను చాయ్ తెప్పిస్తానని లేచి కిందికి పోయాను. కింది చాయ్ హోటల్ ముందర పావుగంట నిలబడ్డాను.

ఇన్నాళ్లు చెప్పని మాట చెప్పేస్తాను. నేను చూడకముందే ఆ చిప్పులు నువ్వు కాల్చేశావు. నాకు తెలుసు. ఆ పేజీ నువ్వే చింపావనీ తెలుసు. నీ పేరు బయటికి రావద్దని నోరు మూసుకున్నాను. ఆ రోజు గోనెసంచుల మధ్య దయాకర్ "రిజిస్టర్ తియ్, భూపాల్ చూసిండో లేదో అండ్ల ఉంటది" అన్నాడు, గుర్తుందా? తీశాడు. చింపిన అంచు మీద వేలు పెట్టి కింది నుంచి పైదాకా తడిమాడు. నీ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. "సరే తియ్, తప్పు రాసింది నేనే గద" అన్నాడు.

మెట్ల దాకా పోయి సాగనంపాను వాణ్ణి. "కొన్ని రోజులు ఇంటికాడ ఉండు, మల్ల పిలుస్త" అన్నాను. పిలవలేదు. పిలిస్తే నీ సంగతి చెప్పాల్సి వస్తుంది. నీకోసం వాణ్ణి వదులుకున్నాను, షారోన్. ఆ తర్వాతి ఏడు నువ్వు పెళ్లి కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయావు.

భూపాల్

* * *

పాలకొల్లు,
29 జూలై 2024

భూపాల్,

నాకోసమా? నాకోసం వదులుకున్నావా? నిన్ను "మీరు" అని పిలవడానికి ఇవాళ నా చెయ్యి రావడం లేదు. ఏమనుకుంటావో అనుకో.

అవును, స్కేలు పెట్టి చింపింది నేనే. నన్ను కాపాడుకోవడానికి అనుకున్నావా ఇన్నాళ్ళూ! నిన్ను కాపాడడానికి చింపాను. చూసినవాడివి నువ్వు. చూసి, తప్పు పట్టుకోలేకపోయావు. ఆ గడిలో నీ చేతిరాత ఉంది. పుణె వాళ్ళు వకీలుతో వచ్చి రిజిస్టర్లు అడుగుతున్నారు. కంపెనీ నీ పేరు మీద ఉంది. మీ ఇంట్లో వాళ్ళు భూమి అమ్మి నిన్ను చదివించారని నీ నోటితోనే చెప్పావు. నువ్వు పోలీసు స్టేషన్ మెట్లెక్కడం నేను చూడలేను. అందుకని చింపాను. దయాకర్ తట్టుకుంటాడులే అనుకున్నాను. దేవుడా, ఎంత తేలిగ్గా అనుకున్నానో.

ఆ కాగితాన్ని పారేయలేకపోయాను. చిప్పులు వచ్చే పొడుగాటి ప్లాస్టిక్ గొట్టంలో చుట్టి పెట్టి, ఇక్కడికి తెచ్చుకుని, అల్లిక సూదులతో పాటు ఉంచాను. సుందరరావు గారు ఒకసారి ఇదేమిటని అడిగితే పాత ఆఫీసు కాగితం అన్నాను.

ఇదిగో, పంపుతున్నాను. నీ చేతిరాత నువ్వే చూసుకో. "రాసినవారు: దయాకర్, 18-9-99." "చూసినవారు:" గడిలో నువ్వు రాసింది "మల్ల చూస్త." ఒకసారి చూశాను, మళ్ళీ ఇంకోసారి చూస్తాను అనే కదా! ఒకసారి చూసినవాడు బాగాలేకపోతే ఆపమనేవాడు. సోమవారం కొరియరు. నిన్ను అడుగుదామంటే ఆదివారం పొద్దున్నే ఊరెళ్ళిపోయావు. చూశావన్న నమ్మకంతోనే కాల్చి, మూడో గడిలో సంతకం పెట్టాను.

చూడలేదని ఇప్పుడు రాస్తున్నావు. చూడకపోతే చూశానని ఎందుకు రాశావు?

షారోన్

* * *

తార్నాక,
12 ఆగస్టు 2024

షారోన్,

గొట్టం వచ్చింది. కాగితం ఇంకా చుట్టుకునే ఉంది, నాలుగు మూలలా పాత చిప్పులు పెట్టి చదివాను. నా చేతిరాతే.

చూశానని నేను రాయలేదు, షారోన్. మా దిక్కు "మల్ల" అంటే తర్వాత. మల్ల తింటా అంటే ఇంకా తినలేదని. మల్ల వస్తా అంటే ఇప్పుడు రానని. "మల్ల చూస్త" అంటే ఇంకా చూడలేదు, తర్వాత చూస్తాను. అంతే. ఆపి పెట్టమని రాశాను. చూశానని నువ్వు చదివావు. ఇద్దరం ఒకే మాట ముందర నిలబడి, చెరో దిక్కు పోయాము.

అయ్యో! ఇంత చిన్నదా? రెండు రోజులుగా ఇదే అనుకుంటున్నాను. ఇంత చిన్నదానికా వాణ్ణి పోగొట్టుకున్నది?

ఆ శనివారం ఎందుకు చూడలేదో కూడా చెప్పాలి. పావుగంట పని. దయాకర్ కాగితాలు తెచ్చి "లీపు సంగతి ఒక్కపారి చూడు భూపాల్, నాకు నమ్మకం చాల్తలేదు" అన్నాడు. వాడికి అనుమానం ఉంది! అనుమానం ఉండబట్టే నా చేతిలో పెట్టాడు. నేను గడియారం చూసుకుంటున్నాను. అప్పట్లో నీతో ఇక్కడే ఉన్న మీ నాన్న యోహాను గారు శనివారం సాయంత్రాలు చర్చిలో క్వైర్ పాటల ప్రాక్టీసు చేయించేవారు కదా. అది అయ్యాక ఆయన్ను కలిసి, నీ గురించి అడుగుదామని ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. ఆ తొందరలో రిజిస్టర్లో రెండు ముక్కలు గీకి మెట్లు దిగాను.

చర్చి గేటు దాకా పోయాను. లోపల పాట వినిపిస్తున్నది. నేను ఎవరు, ఏ కులం, ఏ దేవుడు అని ఆయన అడిగితే ఏం చెప్పాలో నడుస్తున్నంతసేపు అనుకున్నది ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. పాట అయిపోయే ముందు వెనక్కి తిరిగాను. నిన్ను చూసే ముఖం లేక పొద్దున్నే బస్సెక్కి ఊరికి పోయాను. మూడు రోజుల తర్వాత వచ్చేసరికి పార్సెల్ పోయింది. నువ్వు కాల్చావంటే దయాకర్ ఇంకెవరికైనా చూపించాడేమో అనుకున్నాను. అడగలేదు. అడిగితే ఊరికి ఎందుకు పోయావని నువ్వు అడుగుతావు.

ఇప్పుడు చెప్పు, ఇది కంపెనీ చరిత్రలో ఏ లైనులో రాయాలి?

భూపాల్

* * *

పాలకొల్లు,
26 ఆగస్టు 2024

భూపాల్ గారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు వంటింట్లోకి వెళ్ళలేదు.

తొమ్మిదేళ్ళు మీ మధ్య ఉన్నాను. "మల్ల" అన్న మాట రోజుకి వందసార్లు విన్నాను. ఎదురుగా ఉండి అంటే ముఖం కనిపించేది, చెయ్యి ఊపడం కనిపించేది, అర్థమయ్యేది. కాగితం మీద ముఖం లేదు. మా ఊరి చదువు చదువుకున్నదాన్ని, అక్షరాలు చూసి మా ఊరి అర్థమే తీసుకున్నాను. లెక్కల టీచరుగా ముప్పై మార్కుల పేపరు రెండుసార్లు దిద్దేదాన్ని. పద్దెనిమిది వందల చిప్పులకి ఒక్క మాట అడగలేకపోయాను.

గేటు సంగతి నాకు తెలుసు. నాన్నగారు చూశారు. ఇంటికొచ్చి "మీ ఆఫీసు అబ్బాయి గేటు పట్టుకుని నిలబడ్డాడమ్మా, పాట ఆపి వెళ్ళేలోపు వెళ్ళిపోయాడు" అన్నారు. "మంచివాడిలా ఉన్నాడు, లోపలికి రావలసింది" అన్నారు కూడా. వద్దనుకుని వెళ్ళిపోయారని నేను అనుకున్నాను. ఏడాదిన్నర చూశాను. ఆ తర్వాతే కార్డు పెట్టింది. అది మన ఇద్దరి నష్టం, అది మనమే పడదాం, దాన్ని ఏ చరిత్రలోనూ రాయక్కర్లేదు.

దయాకర్ వేరు. నేను మిమ్మల్ని కాపాడాననుకున్నాను, మీరు నన్ను కాపాడాననుకున్నారు. ఇద్దరం చెరో చెయ్యి వేసి అతన్ని తోసేశాం. అతనికి మన ఇద్దరి సంగతీ తెలుసు. ఆ చింపిన అంచు తడిమినప్పుడే తెలుసు. లేకపోతే క్రిస్మస్‌కి నాకెందుకు ఫోన్ చేస్తాడు?

ఆ కాగితం తీసుకెళ్ళి పూర్ణిమ చేతిలో పెట్టండి. ఆ పిల్ల నాన్నమ్మ బుచ్చవ్వ గారు ఉన్నారు కదా, ఆవిడ ఎదుటే చెప్పండి. ఈసారి తర్వాత చూస్తాననకండి. ఏ రోజు వెళ్తారో తారీఖు వేసి నాకు రాయండి.

షారోన్

* * *

తార్నాక,
20 సెప్టెంబర్ 2024

షారోన్‌కు,

తారీఖు రాయకుండానే పోయాను. రాస్తే వాయిదా వేస్తానని భయమైంది. పద్దెనిమిదిన, లాలాపేట్‌లో వాళ్లింటికి. కాగితానికి సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజని బస్సెక్కాక గుర్తొచ్చింది.

మంచం మీద బుచ్చవ్వ కూర్చుని ఉన్నది. ఎనభై దాటింది, నన్ను గొంతు బట్టి గుర్తుపట్టింది. పూర్ణిమ కాలేజీకి తయారవుతున్నది. కాగితం దాని చేతిలో పెట్టి, అంతా చెప్పాను. గేటు సంగతి చెప్పలేదు. పని ఉండి చూడలేదని మాత్రం చెప్పాను. కాగితం చదవడానికి దానికి ఒక్క నిమిషం పట్టలేదు. "మల్ల చూస్త అంటె చూడలేదు గద అంకుల్. గిది గూడ తెలుస్తలేదా?" అన్నది. మనకు పాతికేళ్లు పట్టిన మాట, షారోన్.

"ఏముందే అండ్ల?" అని బుచ్చవ్వ అడిగింది. పూర్ణిమ చదివి వినిపించింది. ముసలామె నన్ను దగ్గరికి రమ్మన్నది. తిడుతుందని పోయాను. తిడితే బాగుండు.

"మల్ల పిలుస్త అన్నవట గద బిడ్డా. పక్కింటోళ్ల ఫోను నంబరు నీకు రాసిచ్చిన్నని చెప్పిండు. మూడేండ్లు వేరే నౌకరి పట్టలే. వాళ్లింట్ల గంట మోగితె చాలు, తింటున్న కంచం ఇడిసి గోడకాడికి ఉరికేటోడు. నీ ఫోనే అనుకునేటోడు. టీవీలు బాగుజేసే దుకాణం పెట్టినంక గూడ వాళ్లు ఆ నంబరు మారుస్తమంటె నీకు తెల్వకుంట అయితదని మార్వనియ్యలే" అన్నది. ఆ నంబరు నా పాత డైరీలో ఇప్పటికీ ఉంది. నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేయలేదు, లెమ్మని కూడా అనలేదు.

నిన్న క్యాంపస్‌కు పిలిచింది పూర్ణిమ. గాజు అల్మారాలో మన మొదటి బోర్డు పెట్టింది, దాని పక్కన ఆ అరవై ఒకటో పేజీ పెట్టింది. రాసినవారు దయాకర్. చూసినవారు, మల్ల చూస్త. కాల్చినవారు షారోన్. నేను రాసుకుపోయిన చరిత్ర కాగితం తిరిగి నా చేతికిచ్చింది. "ఇది చాలు అంకుల్, మీ కంపెనీ చరిత్ర ఇదే" అన్నది. కోపంగా అనలేదు, అదే తట్టుకోలేకపోయాను.

ఆర్ట్స్ కాలేజీ ముందు దాకా నాతో నడిచి వచ్చింది. "నన్ను క్షమించు బిడ్డా" అన్నాను. గొంతు సవరించుకుంది, అచ్చం వాడిలాగే. "మల్ల మాట్లాడుదాం అంకుల్" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ మాటకు అర్థం నాకంటే ఎవరికి తెలుసు, షారోన్? నేనే కదా నేర్పింది వాళ్లింటికి.

గదులు ఖాళీ అయ్యాయి. మిగతా కాగితాలు తూకానికి వేశాను, ఈ లెటర్‌హెడ్ ఆఖరిది.

భూపాల్

* * *

పాలకొల్లు,
2 అక్టోబర్ 2024

భూపాల్ గారికి,

ఒకసారి ఆ మాటని మా ఊరి అర్థంతో చదివి అందరినీ ముంచాను. ఇంకొక్కసారి అలాగే చదవనివ్వండి. ఆ పిల్ల "మళ్ళీ మాట్లాడదాం" అంది. ఒకసారి మాట్లాడాను, మళ్ళీ మాట్లాడతాను అంది. నేను అలాగే తీసుకుంటున్నాను. తప్పే కావచ్చు.

పదిహేడో తారీఖు సాయంత్రం నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. పద్దెనిమిది పొద్దున సికింద్రాబాద్‌లో దిగుతాను. గేటు బయట కాదు, ప్లాట్‌ఫారం మీద నిలబడండి. అక్కడి నుంచి తిన్నగా లాలాపేట్ వెళ్దాం. మూడో గడిలో ఉన్న సంతకం నాది, నేనూ చెప్పుకోవాలి.

తలుపు తీయకపోతే వచ్చేద్దాం. మర్నాడు మళ్ళీ వెళ్దాం.

షారోన్